టోర్టిల్లా చిప్స్: ప్యాకెట్ విప్పిన దగ్గర్నుంచి అడుగున మిగిలిన పొడి దాకా

టోర్టిల్లా అంటే మెక్సికోవాళ్ల పల్చటి మొక్కజొన్న రొట్టె, దాన్ని ముక్కలుగా కోసి వేయిస్తే టోర్టిల్లా చిప్స్. విశాఖలో వీటి ప్యాకెట్ విప్పేవాళ్లు ముందుగా లెక్కలోకి తీసుకోవాల్సింది సముద్రపు గాలిని. ఇక్కడ గాలిలో తేమ 70 శాతం దాటడం మామూలు సంగతి. తాజాగా వేయించిన చిప్‌లో నీరు 2 శాతం లోపే ఉంటుంది. అంతగా ఎండిన పదార్థాన్ని ఇంత చెమ్మలో తెరిచిపెడితే ఊరుకుంటుందా, గాలిలోని నీటిని లాగేసుకుంటుంది. రాత్రి బల్లమీద వదిలేసిన చిప్స్‌ని తెల్లారి కొరికితే వంగుతాయి తప్ప విరగవు.

ఈ చిప్స్‌తో చేసే ప్రతి పనీ చివరికి నీటి లెక్కే. నంజుకుని తినేటప్పుడు తడిని ఆఖరి నిమిషం దాకా దగ్గరికి రానివ్వకూడదు. వండేటప్పుడు అదే తడిని మనమే పిలిచి, ఎంత పట్టాలో అంతే పట్టనివ్వాలి. కింద చెప్పే పద్ధతులన్నీ ఈ లెక్క చుట్టూనే తిరుగుతాయి. ఓవెన్ లేకపోతే ఏం చెయ్యాలో కూడా అక్కడక్కడే చెప్పాను, ఎందుకంటే మన ఇళ్లలో ఎక్కువమందికి ఉన్నది గ్యాస్ పొయ్యీ, ఇనప పెనమూ.

ఏ ప్యాకెట్ కొనాలి

సిరిపురం, ద్వారకానగర్, ఎంవీపీ కాలనీ వైపు పెద్ద సూపర్‌మార్కెట్లలో కార్నిటోస్, డొరిటోస్ లాంటివి దొరుకుతాయి. ముందువైపు బొమ్మను వదిలేసి ప్యాకెట్‌ని వెనక్కి తిప్పండి. మన దేశంలో దినుసుల్ని బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకి వరసగా అచ్చువేయాలి. మొదట మొక్కజొన్న, తర్వాత నూనె, ఆ తర్వాత ఉప్పు ఉండి జాబితా అక్కడితో ఆగిపోతే అది వంటకు పనికొచ్చే సరుకు. చీజ్ పొడి, టమాటా పొడి, చక్కెర, రుచి పెంచే పదార్థాలు అంటూ జాబితా సాగుతుంటే అది ఉత్తినే తినడానికి మాత్రమే. అలాంటివి పులుసులోనో సూప్‌లోనో వేస్తే పైన చల్లిన మసాలా అంతా ఊడి రసంలో కలిసి, ఉప్పు మరీ ఎక్కువైపోతుంది.

ప్యాకెట్ ఉబ్బి ఉండాలి. లోపలున్నది నైట్రోజన్. నూనె పాత వాసన రాకుండా, చిప్స్ నలగకుండా అది కాపాడుతుంది. చప్పబడిన ప్యాకెట్‌ని అరలోనే ఉంచేయండి. పారదర్శకమైన కిటికీ ఉంటే మందం చూడండి: పల్చటివి తినడానికి బాగుంటాయి గానీ, రాజ్‌మా ముద్దను ఎత్తబోతే సగానికి విరుగుతాయి. పైన చీజ్ కరిగించే నాచోస్‌కీ, పులుసుకీ కాస్త మందంగా ఉన్నవే కావాలి.

వంద గ్రాములకు దాదాపు 500 కిలోకేలరీలు ఉంటాయి. ఇది నూనెలో వేగిన తిండి, మొక్కజొన్న పేరు చూసి పథ్యం అనుకోకండి. బీపీ ఉన్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే సోడియం వరస చదివి, ఉప్పు తక్కువ ఉన్నదాన్ని ఎంచుకోండి.

విప్పాక దాచడం, మెత్తబడితే మళ్లీ కరకరలాడించడం

విప్పిన ప్యాకెట్‌లోంచి గాలి నొక్కి బయటికి పంపి, మూతిని రెండుమూడు మడతలు పెట్టి, బట్టల క్లిప్పు తగిలించి, ఆ మొత్తాన్నీ బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టండి. రెండు పొరలూ కావాలి. డబ్బాలో చిప్స్ ఊరికే పోస్తే, మూత తీసినప్పుడల్లా డబ్బా నిండా కొత్త గాలి చేరుతుంది. ఫ్రిజ్‌లో పెట్టొద్దు. బయటికి తీసిన క్షణాన చల్లటి చిప్ మీద చెమ్మ పడుతుంది, మనం తప్పించుకోవాలనుకున్నది అదే.

మెత్తబడ్డవాటిని పారెయ్యక్కర్లేదు. ముందు వాసన చూడండి. పాత నూనె వాసన, రంగుల డబ్బా విప్పినప్పటిలాంటి ఘాటు వస్తే వాటికి మందు లేదు. వాసన బాగుండి ఉత్తినే మెత్తబడి ఉంటే నీరు ఎక్కిందంతే, దాన్ని మళ్లీ దింపొచ్చు. ఓవెన్ ఉంటే 160 డిగ్రీల దగ్గర ఒకే వరసలో పరిచి అయిదారు నిమిషాలు. లేకపోతే దళసరి ఇనప పెనాన్ని సన్న మంట మీద వేడిచేసి, నూనె వెయ్యకుండా, ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, తిప్పుతూ నాలుగైదు నిమిషాలు. మూత మాత్రం పెట్టకండి, బయటికి పోవాల్సిన ఆవిరి లోపలే ఉండిపోతుంది. మైక్రోవేవ్‌లో అయితే కాగితం మీద పరిచి అర నిమిషం చాలు. పొయ్యి మీంచి దించగానే కొరికి ‘ఇంకా మెత్తగానే ఉన్నాయే’ అనుకుని మళ్లీ కాల్చేవాళ్లున్నారు. వేడిమీద ఏ చిప్పూ గట్టిగా ఉండదు. గిన్నెలో పొయ్యకుండా పళ్లెంలో పరిచి రెండు నిమిషాలు చల్లారనిస్తే కరకర దానంతట అదే తిరిగొస్తుంది.

నంజుకోవడానికి

టమాటా సల్సా అనే పచ్చడి తెలుగువాళ్లకు చేతకాని పని కాదు. మెక్సికోలో రాతి రోటిలో నూరేదాన్నే మనం మన రోట్లో నూరుకుంటాం. మూడు వందల గ్రాముల పండిన టమాటాలు, మూడు పచ్చిమిరపకాయలు, తొక్క తియ్యని నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఒక సగం ఉల్లిపాయ తీసుకోండి. ఇనప పెనం మీద నూనె లేకుండా వేసి, టమాటా తొక్క నల్లగా పొక్కులు వచ్చేదాకా కాల్చండి. వెల్లుల్లి ముందే కాలుతుంది, తీసి పక్కన పెట్టండి. రోట్లో ఉప్పు, తొక్క తీసిన వెల్లుల్లి, మిరపకాయలు ముందు మెత్తగా నూరి, తర్వాత ఉల్లి, చివర టమాటా వేసి కచ్చాపచ్చాగా నలగ్గొట్టండి. నిమ్మరసం, కొత్తిమీర కలపండి. పోపు వద్దు. చింతపండూ వద్దు, దాని పులుపు మొక్కజొన్న తీపిని తొక్కేస్తుంది. మిక్సీలో వేస్తే ఒక్క తిప్పు చాలు, ఎక్కువైతే నురగ వచ్చి పల్చబడుతుంది.

పల్చబడితే ఏమవుతుందంటే, చిప్ ముంచి నోటిదాకా తెచ్చేలోపే మెత్తబడుతుంది. ఒక చెంచాతో తీసి వంచి చూడండి: రసం విడిగా కారుతుంటే జల్లెడలో పోసి పది నిమిషాలు వదిలెయ్యండి. దిగిన రసం చారులోకి వాడుకోవచ్చు.

చింతపల్లి, పాడేరు వైపు ఏజెన్సీలో పండే రాజ్‌మా మన ఊరికి వస్తుంది, చిప్స్‌కి ఇంతకన్నా మంచి జోడీ లేదు. ఒక గ్లాసు గింజల్ని రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో కుక్కర్‌లో మెత్తగా ఉడికించండి. రాజ్‌మాను సరిగ్గా ఉడకకుండా తినకూడదు. పచ్చిగింజలో ఉండే లెక్టిన్ వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది, అది విరగాలంటే గింజ బాగా మరగాలి. ఉడికాక రెండు చెంచాల నూనెలో జీలకర్ర, తరిగిన వెల్లుల్లి, ఉల్లి, అర చెంచా కారం వేయించి, రాజ్‌మాను అర గ్లాసు ఉడికిన నీళ్లతో సహా వేసి పప్పుగుత్తితో మెదపండి. కాస్త జారుడుగా ఉండగానే దించెయ్యాలి, చల్లారేకొద్దీ బిగుసుకుంటుంది.

అవకాడో దొరికి, ధర ఫరవాలేదనిపిస్తే గ్వాకమోలే చేసుకోండి: పండిన కాయను మెదిపి ఉప్పు, నిమ్మరసం, ఉల్లి, పచ్చిమిర్చి. లేకపోతే బెంగపడక్కర్లేదు. పలచటి బట్టలో రెండు గంటలు వేలాడగట్టిన పెరుగు, దాంట్లో చితక్కొట్టిన వెల్లుల్లి, నీరు పిండేసిన దోసకాయ కోరు. నాకైతే మన ఎండలకు ఇదే ఎక్కువ నచ్చుతుంది.

ఆవకాయతో తింటే ఎలా ఉంటుందని అడిగేవాళ్లున్నారు. నూనె మీద నూనె, ఉప్పు మీద ఉప్పు. పెరుగులో కలుపుకుంటే తప్ప వద్దు.

నాచోస్ పళ్లెం

నాచోస్ అంటే ఈ చిప్స్ మీద చీజ్ కరిగించి పెట్టే వంటకం. 1940ల్లో అమెరికా సరిహద్దుకు ఆనుకుని ఉన్న మెక్సికో ఊరు పియెద్రాస్ నెగ్రాస్‌లో, ఇగ్నాసియో అనాయా అనే ఆయన ఒక రెస్టారెంట్‌కి వచ్చిన అతిథులకు ఉన్న సరుకుతోనే దీన్ని చేసిపెట్టారు. వేయించిన టోర్టిల్లా ముక్కలు, చీజ్, హాలపీన్యో మిరపకాయ చక్రాలు, అంతే. ఇప్పటి గుట్టల్లాంటి పళ్లేల కన్నా ఆ మొదటి పద్ధతే మేలైనది. ప్రతి ముక్క మీదా అన్నీ పడతాయి, అడుగున తడిసి ముద్దయ్యే ముక్క ఉండదు.

వెడల్పాటి ట్రేలో చిప్స్‌ని ఒకే వరసలో, అంచులు కొద్దిగా ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పరచండి. వాటి మీద నేరుగా తురిమిన చీజ్ చల్లాలి, కూర ముద్దలు దాని మీదే. ఈ వరస మార్చకండి. కరిగిన చీజ్‌లో కొవ్వు ఉంటుంది కాబట్టి పైనుంచి దిగే తడిని కొంతసేపు ఆపుతుంది. తర్వాత చిన్న చిన్న రాజ్‌మా ముద్దలు, మసాలా దట్టించి పొడిపొడిగా వేయించిన రొయ్యలో కోడి ఖీమానో అక్కడక్కడ పెట్టి, మళ్లీ కాస్త చీజ్. ముందే బాగా వేడెక్కిన ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర అయిదు నుంచి ఏడు నిమిషాలు. చీజ్ కరిగి అంచులు బుడగలు రాగానే తియ్యండి. సల్సా, పెరుగు, పచ్చి ఉల్లి, కొత్తిమీర బల్లమీదికి వెళ్లాకే. పచ్చి టమాటా ముక్కలు వేసేట్టయితే గింజల గుజ్జు తీసేసి, ఉప్పు చల్లి పది నిమిషాలు ఉంచి, నీరు వంపేసి వెయ్యండి.

రొయ్యల విషయంలో ఒక జాగ్రత్త. ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన తాజా రొయ్యలు పొయ్యి మీద బోలెడు నీరు వదులుతాయి. పెద్ద మంట మీద, పెనం నిండా కుక్కకుండా, ఆ నీరంతా ఎగిరిపోయి అంచులు ఎర్రబడేదాకా వేయించాలి. చిన్నవైతే మూడు నిమిషాలు దాటనివ్వకండి, రబ్బరు అయిపోతాయి.

ఓవెన్ లేనివాళ్లు పెనం మీద మూతపెట్టి చీజ్ కరిగించబోతారు. కరుగుతుంది, కానీ ఆవిరికి చిప్స్ కూడా మెత్తబడతాయి. దానికన్నా చీజ్‌ని విడిగా సాస్ చేసి, తినేముందు పైన పోసుకోవడం మంచిది. 150 మిల్లీలీటర్ల పాలు సన్న మంట మీద వేడెక్కాక, 200 గ్రాముల తురిమిన ప్రాసెస్డ్ చీజ్‌ని గుప్పెడు గుప్పెడుగా వేస్తూ కలపండి. ప్రాసెస్డ్ చీజ్‌లో కొవ్వూ నీరూ విడిపోకుండా పట్టే లవణాలు ముందే ఉంటాయి, అందుకే నున్నగా కరుగుతుంది. ఎక్కువకాలం మాగిన చెడార్ వాడితే నూనె తేలిపోతుంది. దానికి ముందే ఒక చెంచా తెల్ల కార్న్‌ఫ్లోర్ పట్టించి పాలలో వేస్తే ఆ ఇబ్బంది రాదు. మొజరెల్లా ఒక్కటే వాడితే తీగలు సాగుతుంది, చల్లారగానే బిగుసుకుంటుంది. ఇంకో చీజ్‌తో కలిపి వాడుకోండి.

మురీ మిక్చర్ దారిలో

ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి దగ్గర నిలబడి చూడండి. మురీలు (మరమరాలు) ఒకచోట, తరిగిన ఉల్లి ఒకచోట, టమాటా, పచ్చిమామిడి, వేరుశెనగ గుళ్లు, నిమ్మచెక్కలు తలోచోట. మనం అడిగాకే అన్నీ డబ్బాలో పడి గిలకరిస్తాయి. సముద్రం ఒడ్డున పొద్దంతా నిలబడి వ్యాపారం చేసేవాళ్లకు చెమ్మ సంగతి ఒకరు చెప్పాలా.

చిప్స్‌తో చాట్ చెయ్యాలన్నా అదే క్రమం. ఇద్దరికి వంద గ్రాముల చిప్స్‌ని చేత్తో రెండుమూడు ముక్కలుగా విరవండి, పొడి చెయ్యకండి. వేయించిన వేరుశెనగ గుళ్లు గుప్పెడు, సన్నగా తరిగిన ఉల్లి, పచ్చిమామిడి కోరు, ఉడికించిన మొక్కజొన్న గింజలు, పచ్చిమిర్చి, కొత్తిమీర విడిగా ఒక గిన్నెలో కలిపి ఉంచుకోండి. చిన్న చెంచా ఆవనూనె చుక్కలుగా వేస్తే ఘాటు బాగుంటుంది, ఇష్టం లేకపోతే మానెయ్యండి. అందరూ కూర్చున్నాక చిప్స్ వేసి, నిమ్మకాయ పిండి, రెండు సార్లు ఎగరేసి పెట్టెయ్యండి. అయిదు నిమిషాల్లో తినేయాలి.

తడిపి వండేవి

మెక్సికోలో ఉదయం ఫలహారానికి చిలాకిలెస్ తింటారు. వేయించిన టోర్టిల్లా ముక్కల్ని సల్సాలో వేసి తిప్పి, పైన గుడ్డో కోడిమాంసమో పెట్టుకుంటారు. నిన్నటి రొట్టెల్ని వాడుకోవడానికి పుట్టిన తిండి. మన ఇంట్లో మిగిలిన సాదా చిప్స్‌కి ఇంతకన్నా గౌరవం లేదు.

పైన చెప్పిన సల్సానే ఉప్పు లేకుండా చేసి, ఒక గ్లాసు నీళ్లో కోడిరసమో కలిపి మెత్తగా రుబ్బండి. వెడల్పాటి బాండీలో రెండు చెంచాల నూనె కాగనిచ్చి, దాంట్లో పోసి ఎనిమిది పది నిమిషాలు ఉడికించండి. గరిటె వెనక్కి అంటుకునేంత చిక్కబడాలి. ఎండుమిర్చి రుచి కావాలంటే నానబెట్టిన బ్యాడిగి మిరపకాయలు రెండు కలిపి రుబ్బండి, రంగు ఉంటుంది, మంట తక్కువ. పొయ్యి ఆపేసి 150 గ్రాముల మందపాటి సాదా చిప్స్ వేసి, గరిటెతో కింద నుంచి పైకి మెల్లగా తిప్పండి. రసం అన్ని ముక్కలకీ పట్టాక ఒక్క నిమిషం ఆగి పళ్లేల్లోకి తియ్యండి. అంచులు మెత్తగా, మధ్యలో ఇంకా పంటికి తగులుతూ ఉంటుంది, ఆ స్థితి కోసమే ఈ వంట. పైన ఆమ్లెట్ కాదు, పచ్చసొన కారేలా వేయించిన గుడ్డు. పక్కన చిలికిన పెరుగు, పచ్చి ఉల్లి చక్రాలు. ఉప్పు ఇప్పుడు చూసుకోండి, చిప్స్‌లో ఉన్నదే చాలామట్టుకు సరిపోతుంది.

అతిథులు దారిలో ఉన్నారని ముందే కలిపి పెడితే అది ఉప్మా అవుతుంది. సల్సా వేడిగా, చిప్స్ పొడిగా ఉంచి, వాళ్లు చేతులు కడుక్కున్నాక కలపండి.

సూప్ ఇంకా తేలిక. కోడి ఎముకల రసంలో కాల్చిన టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చి రుబ్బి వేసి పావుగంట మరిగించండి. గిన్నె అడుగున చిప్స్ వేసి, ఉడికిన కోడి పీచులు వేసి, మరిగే రసం పైనుంచి పోసి, మళ్లీ నాలుగు పొడి చిప్స్ పైన. ఒకే గిన్నెలో మెత్తవీ కరకరవీ రెండూ ఉంటాయి. ఈ రసంలోనే లీటరుకు ఒక నలభై గ్రాముల చిప్స్ వేసి మరిగించి రుబ్బితే చిక్కటి సూప్ అయిపోతుంది, మైదా గానీ క్రీమ్ గానీ అక్కర్లేదు. ఖీమా పలచగా వచ్చినప్పుడు, రాజ్‌మా కూర నీళ్లగా ఉన్నప్పుడు కూడా ఇదే పని: గుప్పెడు చిప్స్ నలిపి వేసి అయిదు నిమిషాలు ఉడకనివ్వండి. రసం చిక్కబడటంతో పాటు కాల్చిన మొక్కజొన్న వాసన కూడా వస్తుంది.

చేపకు పైపూత

వంజరం పలచటి ముక్కలు, ముల్లు తీసిన పండుగప్ప, తోక ఉంచి ఒలిచిన పెద్ద రొయ్యలు, వీటికి బ్రెడ్ పొడి బదులు చిప్స్ పొడి బాగా నప్పుతుంది. చిప్స్‌ని సంచిలో వేసి చపాతీకర్రతో బొంబాయి రవ్వ అంత బరకగా నలపండి. చేపకు పసుపు, కారం, నిమ్మరసం, మామూలుగా వేసే ఉప్పులో సగం పట్టించి పదిహేను నిమిషాలు ఉంచి, కాగితంతో తడి ఒత్తెయ్యండి. వరసగా పొడి మైదాలో, గిలక్కొట్టిన గుడ్డులో, చిప్స్ పొడిలో దొర్లించి, చేత్తో అదిమి పది నిమిషాలు ఆరనివ్వండి. ఈ పొడి ఇదివరకే ఒకసారి వేగింది కాబట్టి తొందరగా మాడుతుంది. మధ్యస్థంగా కాగిన కొద్దిపాటి నూనెలో ఒక్కో వైపు రెండు, మూడు నిమిషాలు. ముక్క మందంగా ఉంటే నూనెలో వద్దు, కొద్దిగా నూనె చిలకరించి 200 డిగ్రీల ఓవెన్‌లో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు పెట్టండి.

మొదటినుంచీ ఇంట్లోనే

ఓపిక ఉన్నవాళ్లకే ఈ భాగం. రాత్రి మొదలుపెట్టి మర్నాడు సాయంత్రానికి తినేలా పెట్టుకోండి.

టోర్టిల్లాకి అసలు రహస్యం సున్నం. మెక్సికో, మధ్య అమెరికా జనం మూడు వేల ఏళ్లకు ముందే మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి నానబెట్టడం నేర్చుకున్నారు. అలా నానిన గింజల్ని నిక్స్‌టమల్ అంటారు. సున్నం పైపొట్టును వదులు చేస్తుంది, గింజలోని పిండికి జిగురు తెస్తుంది, మొక్కజొన్నలో బంధించి ఉన్న నియాసిన్ అనే విటమిన్‌ని మన ఒంటికి అందేలా విడిపిస్తుంది. మొక్కజొన్న యూరప్‌కి వెళ్లినప్పుడు గింజ వెళ్లింది గానీ ఈ పద్ధతి వెంట వెళ్లలేదు. దాన్నే ముఖ్యాహారంగా తిన్న ఉత్తర ఇటలీ పేదలు, ఆ తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల పేదలు నియాసిన్ చాలక పెల్లాగ్రా జబ్బుతో బాధపడ్డారు.

సరుకుల దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. తెల్లటి కార్న్‌ఫ్లోర్ మొక్కజొన్న నుంచి తీసిన గంజిపిండి మాత్రమే, దాంతో రొట్టె రాదు. పసుపుపచ్చటి మొక్కజొన్న పిండితో రొట్టె అవుతుంది గానీ సున్నం పడలేదు కాబట్టి పల్చగా ఒత్తితే అంచులు చీలుతాయి. కావలసింది ఎండు గింజలు. స్వీట్‌కార్న్ పనికిరాదు, పాప్‌కార్న్ గింజ పొట్టు మరీ మొండిది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పండే మామూలు పసుపు మొక్కజొన్న చాలు, పూర్ణా మార్కెట్ దినుసుల కొట్లలో అడిగి చూడండి. బూజు, నల్లమచ్చలు ఉన్న గింజలు ఏరెయ్యండి. గులాబీ రంగు పూసిన గింజలు విత్తనానివి, వాటికి మందు పట్టించి ఉంటారు. పొరపాటున కూడా తినకూడదు.

సున్నం తాంబూలంలో వేసుకునేదే వాడండి, గోడలకు వేసేది కాదు. ఇక క్రమం:

1. అర కిలో గింజలు కడిగి, రెండు లీటర్ల నీళ్లు పోసిన స్టీలు గిన్నెలో వెయ్యండి. అల్యూమినియం గిన్నె వద్దు, సున్నం దాన్ని తినేస్తుంది. పొడి సున్నం అయితే అయిదు గ్రాములు, తడి ముద్ద అయితే రెండు చిన్న చెంచాలు, కాసిని నీళ్లలో కలిపి పొయ్యండి. కళ్లలో పడకుండా చూసుకోండి. నీళ్లూ గింజలూ పసుపుపచ్చగా మారతాయి.

2. మరుగు రాగానే మంట తగ్గించి అరగంట నుంచి ముప్పావుగంట ఉడికించండి. ఒక గింజ తీసి బొటనవేలుతో రుద్దితే పొట్టు జారిపోవాలి, కొరికితే మధ్యలో ఇంకా గట్టిగా, తెల్లగా ఉండాలి. పొయ్యి ఆపి, మూతపెట్టి రాత్రంతా వదిలెయ్యండి.

3. పొద్దున్న ఆ నీళ్లు పారబోసి, గింజల్ని చేతుల మధ్య పులుముతూ మూడుసార్లు కడగండి. పొట్టు చాలావరకు తేలిపోవాలి, కొంత ఉన్నా నష్టం లేదు. జల్లెడలో పోసి నీరు ఓడ్చండి.

4. వెట్ గ్రైండర్‌లో కొంచెం కొంచెంగా వేస్తూ, నీళ్లు చిలకరిస్తూ రుబ్బండి. ఇడ్లీపిండిలా జారకూడదు, చపాతీ ముద్దలా చేతికి రావాలి. కాస్త బరకే మంచిది. మరీ మెత్తగా ఉంటే వేగేటప్పుడు ఆవిరికి దారి లేక చిప్స్ బుడగల్లా ఉబ్బుతాయి. మిక్సీలో చేస్తే మధ్యమధ్య ఆపండి, ఈ పిండి మోటారుని వేడెక్కిస్తుంది. తడి ఎక్కువైతే పచ్చటి మొక్కజొన్న పిండి కొద్దిగా కలిపి సర్దుకోండి. ఉప్పు వేసి మర్దించి, తడిబట్ట కప్పి అరగంట ఉంచండి.

5. నిమ్మకాయంత ఉండను నొక్కి చూడండి. అంచులు చీలితే నీళ్లు చాలవు, చేతికి అంటుకుంటే ఎక్కువయ్యాయి. నూనె ప్యాకెట్ కవరు కోసి రెండు షీట్లు చేసి, వాటి మధ్య ఉండను పెట్టి పూరీ ప్రెస్‌తో వీలైనంత పల్చగా ఒత్తండి. చెక్కలు ఒత్తడం వచ్చినవాళ్లకు ఇది ఒక లెక్కలోది కాదు.

6. బాగా కాగిన ఇనప పెనం మీద ఒకవైపు అర నిమిషం, తిప్పి ఒక నిమిషం, మళ్లీ తిప్పి కాసేపు కాల్చండి. నూనె వెయ్యొద్దు. రొట్టెల్ని ఒకదాని మీద ఒకటి పేర్చకుండా బట్ట మీద పరచండి.

7. ఇక్కడ తొందరపడకండి. ఒక్కో రొట్టెను ఆరు ముక్కలుగా కోసి, ఫ్యాన్ కింద గంటో రెండు గంటలో ఆరబెట్టండి. వానాకాలం విశాఖలో ఫ్యాన్ చాలదు, సన్నసెగ పెనం మీద మరోసారి తిప్పి తడి తియ్యండి. ఎంత ఆరితే నూనె అంత తక్కువ పీలుస్తాయి. ఫ్యాక్టరీల్లోనూ వేయించే ముందు రొట్టెను కాల్చేది ఇందుకే.

8. వేరుశెనగ నూనె గానీ తవుడు నూనె గానీ 175 నుంచి 180 డిగ్రీల దాకా కాగాలి. కొలిచే పరికరం లేకపోతే ఒక ముక్క వెయ్యండి: మునిగి, వెంటనే చుట్టూ బుడగలతో పైకి తేలితే సరిపోయింది. కొన్ని కొన్నిగా వేసి తిప్పుతూ ఒకటిన్నర, రెండు నిమిషాలు. బుడగలు దాదాపు ఆగిపోయాయంటే నీరు పోయిందన్నమాట, రంగు కోసం ఇంకా ఆగకండి. చిల్లుల గరిటెతో తీసి వెడల్పుగా పరిచి, వేడిమీదే మెత్తటి ఉప్పు చల్లండి. పూర్తిగా చల్లారాకే డబ్బా మూత పెట్టాలి.

తీరిక లేని రోజున: ఒక గ్లాసు పచ్చటి మొక్కజొన్న పిండి, అర గ్లాసు గోధుమపిండి, వాము, ఉప్పు, ఒక చెంచా నూనె, తగినంత వేడినీళ్లు. కలిపి పల్చగా ఒత్తి, ఫోర్కుతో పొడిచి, పెనం మీద సగం కాల్చి, కోసి వేయించండి. ఇవి కరకరలాడే మంచి చిరుతిండే. సున్నం పడ్డ మొక్కజొన్న వాసన మాత్రం వీటిలో ఉండదు, చిలాకిలెస్‌లో వేస్తే నిమిషంలో కరిగిపోతాయి కూడా.

వంకరగా వచ్చిన రొట్టెల్ని చూసి దిగులు పడకండి. 1940ల చివర లాస్ ఏంజెలెస్‌లో రెబెకా వెబ్ కరాంజా అనే ఆవిడ, తమ టోర్టిల్లా ఫ్యాక్టరీ యంత్రంలోంచి అలా వంకరగా వచ్చిన వాటినే మూడు మూలలుగా కోసి వేయించి అమ్మకానికి పెట్టారు. డొరిటోస్ అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది ఆ తర్వాత ఎప్పుడో, 1966లో.

అడుగున మిగిలిన పొడి

ప్యాకెట్ అడుగున చేరిన నలకల్లో ఉప్పు ఎక్కువ ఉంటుంది, అలాగే నోట్లో పోసుకోకండి. వేయించిన నువ్వులు, ఎండుమిర్చి, వెల్లుల్లితో కలిపి బరకగా దంచి చిన్న సీసాలో పెట్టుకుంటే వేడన్నంలోకి పొడి అయిపోతుంది. వంకాయ వేపుడో బెండకాయ వేపుడో దించే ముందు రెండు చెంచాలు చల్లుకోవచ్చు. ఆమ్లెట్ పోసేటప్పుడు గుడ్డులోనూ కలుపుకోవచ్చు. ఇక ఎండురొయ్యల పొడి చేసే అలవాటున్న ఇళ్లలో, రొయ్యలు వేయించి దంచేటప్పుడు ఆఖర్న ఒక గుప్పెడు వేసి చూడండి. ఉప్పు వేరే వెయ్యకండి, రొయ్యల్లోనూ ఉంది, చిప్స్‌లోనూ ఉంది.